బ్లాకుల ఆట తెరిచిన ఆదివారం

గల్లీలల్ల ఇంటర్నెట్ వైర్లు గుంజుడు నా పని. పదిహేనేండ్ల సంది గిదే చేస్తున్న. పాతబస్తీల నా నిచ్చెన ఆనని గోడ తక్కువ. నా పేరు ఎవ్వలకు యాదికుండదు. కొందరు నెట్ భాయ్ అంటరు, కొందరు నెట్ అన్న అంటరు. వైరు తెగిందంటే పొద్దుగాల ఆరింటికే ఫోన్ జేసి నా ఖాందాన్ మొత్తాన్ని తలుచుకుంటరు. మంచిగ నడిచిందంటే ఏడాది మొత్తంల ఒక్కసారి గూడ ఎట్లున్నవని అడగరు. దాని మీద నాకేం కోపం లేదు, ఈ పనిల అది ఉన్నదే. నా కోపమంతా నా మీదనే. రెండేండ్ల కింద ఒక ఆదివారం నాడు నేను చేసిన పని యాదికొస్తే ఇప్పటికీ నన్ను నేనే నాలుగు తిట్టుకుంట.

నాకు ఒక్కతే బిడ్డ. అప్పుడు దానికి పదకొండేండ్లు. మా ఎదురింట్ల ఇంకొక పిల్ల ఉండె. దీని ఈడుదే, దీని క్లాసే. ఆ పిల్ల వాళ్ల నాయన లాడ్ బజార్ల గాజుల దుకాణంల పనిచేస్తుండె. వాళ్లింట్ల ఉర్దూ, మా ఇంట్ల తెలుగు. పిల్లలిద్దరికి మాత్రం రెండూ కలిసిపోయి ఒకటే భాష అయింది. ఏ మాట ఎవ్వలిదో వాళ్లకే ఎరుక లేదు.

ఒక గురువారం జుమ్మేరాత్ బజార్ల పాత సామాన్ల నడుమ ప్లాస్టిక్ బ్లాకులు గుట్టపోసి అమ్ముతున్నరు. ఒకదాని మీద ఒకటి ఒత్తి ఇండ్లు, బండ్లు కట్టుకునే బ్లాకులు గవి. ఒక సంచి నిండ తూకానికి తెచ్చిన. ఎన్ని రకాలవో, ఎన్ని ఇండ్లల్ల పిల్లలు ఆడి పారేసినవో. కొన్నిటికి పండ్లు అరిగిపోయి పట్టు గూడ దొరుకకపోయేది. ఇద్దరు పోరిలు వాటిని బకెట్ల వేసి సబ్బుతోని కడిగి, మా మెట్ల మీద ఆరవెట్టిన్రు. ఆ దినం సంది స్కూల్ నుంచి రాంగనే సంచి మెట్ల మీదికొచ్చేది. ఛాయ్ హోటల్ కట్టేటోళ్లు, ఆటో స్టాండ్ కట్టేటోళ్లు, మా గల్లీ మొత్తం కట్టి అందుల నన్ను నిచ్చెన మీద ఎక్కిచ్చేటోళ్లు. నాకు తలకాయ ఉండకపోయేది, అంత చిన్న బ్లాకు దొరకలేదట.

ఒక సంగతి చెప్పాలె. వాళ్లిద్దరు ముచ్చట్లు పెట్టుకునే పిల్లలు గాదు. బ్లాకులు చేతిల ఉంటెనే మాటలొచ్చేటివి. ఆ ఎర్రది ఇయ్యి, ఈ పొడుగుది తీసుకో అనుకుంట మొదలువెట్టి, స్కూల్ల టీచర్ తిట్టింది, ఇంట్ల అమ్మ కొట్టింది, కలల కుక్క ఎంబడి పడ్డది, అన్నీ ఒక్కటొక్కటే బయటికొచ్చేటివి. చేతులు ఖాళీగుంటే మొఖమొఖాలు చూసుకుంట కూసునేటోళ్లు. నేను మెట్లెక్కుకుంట దిగుకుంట ఆ ముచ్చట్లు వినేటోన్ని. ఆ పిల్లకు చీకటంటే భయమని వాళ్లమ్మ కన్న ముందుగాల నాకు తెలిసింది.

తర్వాత ఆ పిల్ల నాయనకు ముంబై దిక్కు భీవండిల ఆయన బావమరిది దుకాణంల పని కుదిరింది. నెల రోజులల్ల ఇల్లు ఖాళీ చేసిన్రు. పోయే ముందటి దినం పిల్లలు బ్లాకులు పంచుకున్నరు. లొల్లి లేదు, ఏడుపు లేదు. ఎదురెదురుగ కూసొని నీకొకటి, నాకొకటి అనుకుంట సంచి ఖాళీ చేసిన్రు. ఆఖరుకు ఒకటి మిగిలితే ఎవ్వలు తీసుకోక మెట్టు మీదనే ఇడిసిపెట్టిన్రు. పొద్దుగాల అది మా అమ్మ కాలుకు గుచ్చుకున్నది. ఆమె నాలుగు దినాలు కుంటుకుంట నన్నే తిట్టింది, తెచ్చింది నేనే గద.

పోయినంక మొదట్ల దినాం వీడియో కాల్ చేసుకున్నరు. తిన్నవా అంటె తిన్న, నువ్వు తిన్నవా అంటె తిన్న. గంతే. ఇద్దరు తెర దిక్కు చూసుకుంట ఊకుండేటోళ్లు. తర్వాత వారానికొకసారి అయింది. తర్వాత పండుగకొకసారి అయింది. ఒకనాడు ఫోన్ పెట్టేసి గోడకు ఒరిగి కూసొని, దానికి నాతోని మాట్లాడబుద్ధయితలేదు బాపు అన్నది నా బిడ్డ. వైర్లు గుంజి ఆ దేశం ఈ దేశం కలిపెటోన్ని, ఇద్దరు పోరిల నడుమ మాట కలుపుడు నా తరం కాలే.

గప్పుడే ఆ ఆట ముచ్చట వచ్చింది. అదే తీరు బ్లాకులతోని ఆన్‌లైన్ ఆట ఒకటి తయారైతున్నదట. ఏ ఊరి పిల్లలైనా కంప్యూటర్ ముందట కూసొని ఒకటే జాగల కట్టుకోవచ్చట. నా బిడ్డ ఎక్కడనో దాని వీడియో చూసి ఒక్క ఉరుకుల నా దగ్గరికొచ్చింది. అది చెప్తుంటే సగం నాకు సమజ్ కాలే. ఒక్కటి సమజ్ అయింది. నువ్వొక బ్లాకు పెడితే భీవండిల కూసున్న పిల్ల దాని మీద ఇంకొకటి పెట్టొచ్చు. పెట్టుకుంట మాట్లాడొచ్చు. నా బిడ్డకు కావాల్సింది గదే.

ఇగ ఎదురుచూసుడు మొదలైంది. ఎండకాలం సెలవులల్ల తెరుస్తమన్నరు, తెరవలే. బోనాలు పోయినయి, తెరవలే. రెండుసార్లు తారీఖు జరిపిన్రు. గోడ మీద క్యాలెండర్‌ల అది పెట్టిన గుర్తులు కొట్టేసి, కొట్టేసి, కాయిదం చినిగింది. ఒక ఆఫీసు ఖాళీ చేస్తుంటే నేను తెచ్చుకున్న పాత కంప్యూటర్ ఉండె ఇంట్ల. అది ఆ ఆటకు సరిపోతదా పోదా అని నన్ను రోజుకు పదిసార్లు అడిగేది. సరిపోతది తల్లీ, నన్ను జర అన్నం తిననియ్యి అనేటోన్ని. అయినా ర్యామ్ జోడించిన, ఫ్యాన్ మార్చిన. నాకు గూడ లోపల ఆశ పుట్టింది. దినాం పనికి పోయే ముందు తెరిచిన్రా అని నేనే అడిగెటోన్ని.

ఆఖరుకు తారీఖు పక్కా అయింది. ఒక ఆదివారం. దాంతోని ఒక షరతు గూడ వచ్చింది. తెరిచిన దినం సాయంత్రం ఆరు లోపల ఇద్దరు దోస్తులు ఆటల గేటు కాడ కలిసి, ఒక్కసారి లోపలికి పోతె ఇద్దరికి కలిపి ఒక దీవి ఇస్తరు. దాని మీద ఇద్దరు ఎన్నేండ్లైనా కట్టుకోవచ్చు. ఆరు దాటినంక వచ్చినోళ్లకు ఎక్కడ ఖాళీగుంటె అక్కడ, ఎవ్వలు దొరికితే వాళ్లతోని. ఒకసారి ఇచ్చినంక మార్చుడు లేదు. దోస్తు దీవి చూడనీకి పోవచ్చు గాని దాని మీద ఒక్క బ్లాకు గూడ పెట్టరాదు.

మా అమ్మ ఇదంతా విని, జాగా ఎన్ని గజాలే అని అడిగింది. గజాలు లేవు నానమ్మా, అది ఆటల జాగా అంటె, ఆటల అయితేంది, రిజిస్ట్రేషన్ ఎవ్వలి పేరు మీద అన్నది. ఇద్దరి పేరు మీద అన్నది నా బిడ్డ. ఇద్దరి పేరు మీద ఉన్న జాగల లొల్లిలు ఎట్లుంటయో మా అమ్మ మస్తు చూసింది, మొఖం అదోలా పెట్టింది. మేము నవ్వినం.

భీవండిల ఆ పిల్లకు ఇంట్ల కంప్యూటర్ లేదు. వాళ్ల మేనమామ ఇంట్ల, మామ కొడుకు కాడ ఉన్నది. వాన్ని బతిలాడి, బతిలాడి, ఆ ఆదివారం నాలుగింటి సంది ఆరింటి దాక ఒప్పిచ్చుకున్నది. నాలుగింటికి నేను గేటు కాడుంట, నువ్వు రా అని వాయిస్ మెసేజ్ పెట్టింది. ఎన్ని నెలల తర్వాతనో ఆ గొంతుల పాత హుషారు వినవడ్డది. నా బిడ్డ దాన్ని ఎన్నిసార్లు విన్నదో లెక్క లేదు. మీ బాపు నెట్ భాయ్ గద, నీకేం ఫికర్ అని గూడ అందుల ఉండె. నేను మీసం దువ్వుకున్న.

ఇగ నా తెలివి ముచ్చట చెప్త. ఆ ఆదివారమే మా గల్లీ గణపతి నిమజ్జనం. మాది తొమ్మిదో దినం పోతది.

ఊరేగింపంటే మా వైర్లోళ్లకు పరీక్షే. మా గల్లీల కరెంటు వైర్లు గోడల వెంబడి పోతయి. ఈ మిద్దెకెల్లి ఆ మిద్దెకు గల్లీకి అడ్డంగ పోయేది మా నెట్ వైరే. విగ్రహం ముందట ఇద్దరు మనుషులు కొసకు పంగ ఉన్న పొడుగు కట్టెలు పట్టుకొని నడుస్తరు. అడ్డమొచ్చిన వైరును పంగల పట్టి పైకి లేపుతరు, కిందికెల్లి దేవుడు పోతడు. వైరు వదులుగ ఉంటెనే గట్ల లేస్తది. అందుకే మేము ఎప్పుడు జర వదులు ఇడుస్తం. చూసెటోళ్లు గివేం వైర్లు, గట్ల ఏలాడుతున్నయి అని తిడ్తరు గాని, ఆ ఏలాడుడు మేము సోంచాయించి చేసిందే.

మా సూపర్‌వైజర్ శనివారం లోపల గల్లీ వైరు దించెయ్యి, సోమవారం మళ్ల కడుదాం అన్నడు. దించుడు నా వల్ల కాదు, పైకి లేపుత అన్న. ఆయనకు బిడ్డ సంగతి చెప్పలే, చెప్తె నవ్వుతడు. జిమ్మేదారి నీదే మరి అన్నడు. నాదే అన్న.

ఎంత లేపాలె? గణపతి కమిటోళ్లను అడిగిన. ఈసారి ఎన్ని ఫీట్లు అంటే పదకొండు అన్నరు. మా గల్లీ లెక్క నాకు ఎరుకే. ఏటా పదిహేను అని బ్యానర్ కొట్టిస్తరు, చూస్తే పదమూడే ఉంటది. పక్క గల్లీ కన్న తక్కువ అనిపిచ్చుకోవద్దు గద. అందుకే నేను ఏటా చెప్పినదాంట్ల రెండు తీసేసి లెక్క కడత. ఈసారి గూడ తీసేసిన. తొమ్మిది. ట్రాక్టర్ ట్రాలీ నాలుగు. మొత్తం పదమూడు. మా మిద్దె మీద ఇనుప పైపు నిలవెట్టి వైరును పదిహేనున్నర మీదికి ఎక్కిచ్చిన. రెండున్నర ఫీట్లు సందు, ఇంకేం కావాలె అనుకున్న.

నాకు తెల్వని సంగతి ఏందంటే, ఆ ఏడు పోలీసోళ్లు విగ్రహాల ఎత్తు మీద గట్టిగ పట్టుబట్టిన్రట. పర్మిషన్ కాయిదం మీద పదకొండు అని రాసిచ్చిన్రు మా కమిటోళ్లు. కాయిదం మీద రాసింది గనుక అడిగినోళ్లందరికి గదే చెప్పిన్రు, నాకు గూడ. ఏటా పెంచి చెప్పెటోళ్లు ఆ ఒక్క ఏడు తగ్గించి చెప్పిన్రు. నిజానికి అది కిరీటంతోని కలిపి పదమూడు. బయటోడైతే టేపు పట్టుకొని కొలుస్తుండె. మా గల్లీల పుట్టి పెరిగినోన్ని గనుక నాకు కొలిచే అక్కెర పడలే. వాళ్ల పదకొండే నమ్మినా, సందు అర ఫీటే ఉన్నదని అనుమానమొచ్చి కొలుస్తుంటి. ఏం చెప్పాలె నా తెలివి.

లేపిన కాడ ఊకున్ననా? ఊకోలే. వదులుగుంటె ఏలాడి కిందికొస్తదని బిర్రుగ గుంజిన. పక్కకు స్టీలు తీగ జోడించిన. పైపుకు ముప్పై చుట్లు బైండింగ్ వైరు చుట్టి, మీదికెల్లి సిమెంటు పూసిన. బిడ్డను మిద్దె మీదికి పిలిచి, ఇగ తుపానొచ్చినా నీ వైరు ఊడది అని చూపించిన. అది పైపును రెండు చేతులతోని ఊపి చూసింది. కదల్లే. అప్పుడు నవ్వింది చూడు, ఆ నవ్వుకు నా పదిహేనేండ్ల నౌకరి మొత్తం వసూలైందనిపించింది.

ఆదివారం పొద్దుగాలనే తల స్నానం చేసి, పుట్టినరోజు గౌను తొడుక్కున్నది. ఆట ముందటి దినమే కంప్యూటర్‌ల ఎక్కిచ్చి పెట్టిన. తెర మీద పెద్ద గేటు, దాని ముందట నా బిడ్డ బొమ్మ, బ్లాకులతోని చేసిన బుడ్డ బొమ్మ, రెండు జడలతోని. పొద్దుగాల పదింటి సంది అది అట్ల నిలవడే ఉన్నది. చుట్టుపక్కల ఎవ్వలెవ్వలో పిల్లలు ఇద్దరిద్దరు చెయ్యి పట్టుకొని లోపలికి పోతుంటే చూసుకుంట కూసున్నది నా బిడ్డ. మా ఆమె కుర్చీ కాడికే అన్నం తెచ్చి తినిపిచ్చింది.

మూడుంపావుకు గణపతి లేచిండు. బ్యాండు, గులాలు, ఎగురుడు. నేను ముందట నడుస్తున్న, ఎందుకంటే జిమ్మేదారి నాదే. మూడు నలభైకి మా ఇంటి ముందటికొచ్చిన్రు. దూరంకెల్లి తలెత్తి చూసిన. కిరీటం మా వైరు కన్న రెండు జానల మీదనే ఉన్నది.

కట్టెలోళ్లు పంగల పట్టి లేపవోయిన్రు. ఏడ లేస్తది, నేను కట్టిన కట్టుడు గట్లుంటె? కట్టె వంగింది గాని వైరు కదల్లే. ఇంకొక కట్టె పెట్టిన్రు, అది ఇరిగింది. బ్యాండు ఆగింది. ఎవడ్రా ఈ వైరు కట్టింది అని ఒగడు అన్నడు. నేనే అని ఎవ్వలు చెప్పలే, అందరికి ఎరుకే.

నేను చేతులు పట్టుకున్న, కాళ్లు పట్టుకునేదొక్కటే తక్కువ. జర ఎనకకు తీసి పక్క గల్లీకెల్లి పోదాం అన్న. మా ఎనక రెండు విగ్రహాలు, ట్రాక్టర్ ఎనకకు పోనీకి ఇంచు జాగ లేదు. రెండు గంటలు ఇక్కడనే ఆపి భజన పెట్టుకుందాం అన్న. నన్ను పిచ్చోన్ని చూసినట్టు చూసిన్రు. ఇప్పి దించుత అన్న. ముప్పై చుట్లు, సిమెంటు, అర్ధగంట పని. బందోబస్తుల ఉన్న పోలీసాయన గడియారం చూసుకొని, రెండు నిమిషాలల్ల తియ్యకపోతే మేమే గుంజి పారేస్తం అన్నడు. వాళ్లు గుంజితే పైపు ఊడి మంది నెత్తి మీద పడుతది. ఆయన మాటల తప్పు లేదు. ఎవ్వలి మాటల తప్పు లేదు ఆ దినం, నా లెక్కల తప్ప.

నిచ్చెన ఏసిన. పైకి పోయి కట్టర్ తీసినంక మా మిద్దె దిక్కు చూసిన. నా బిడ్డ పిట్టగోడ కాడ నిలవడ్డది. ఎప్పుడు పైకొచ్చిందో, అంత మందిల దాన్ని ఎవ్వలు చూడలే. దాని చూపు నా చేతిల ఉన్న కట్టర్ మీదనే ఉన్నది. నేను ఏదో అనాల్ననుకున్న, అంత లొల్లిల ఏం వినవడుతది? అది అక్కడికెల్లి పోయినంక కోసిన. నాలుగుకు ఎనిమిది నిమిషాలు తక్కువ.

కింది నుంచి ఒక్కసారి జై అన్నరు. బ్యాండు మళ్ల షురువైంది. దిగంగనే కమిటీ పెద్దాయన నన్ను కావలిచ్చుకొని మొఖం నిండ గులాలు పూసిండు. విగ్రహం మెడల ఉన్న పూలదండల ఒకటి తీసి నా మెడల ఏసిన్రు. మా నెట్ అన్న సొంత వైరు దేవునికి ఇచ్చిండు అన్నరు. నాకు ఏడుపొచ్చింది. గులాలు కండ్లల్ల పడ్డదనుకున్నరు.

మెట్లెక్కి పోయేసరికి అది మళ్ల కంప్యూటర్ ముందటనే కూసున్నది. తెర మీద గేటు ఉన్నది, గేటు మీద కనెక్షన్ లేదు అని రాసున్నది. కరెంటు డిపార్టుమెంటోళ్లు కోసిన్రు బిడ్డా అని నా నోట్లకెల్లి వచ్చింది. ఎందుకన్ననో నాకే తెల్వదు. మెడల దండ ఉన్నది, చేతిల కట్టర్ ఉన్నది, అది కండ్లార చూసింది. అయినా అన్న. అది సరే బాపు అన్నది.

ఫోన్‌ల నెట్ కంప్యూటర్‌కు కలిపి చూసిన. రోడ్డు మీద అంత మంది, అందరు వీడియోలు తీసుడు, పంపుడు. సిగ్నల్ గుండ్రంగ తిరుగుడే తప్ప గేటు తెరుసుకోలే. జర సిగ్నల్ దొరికింది అనంగనే ఆట ఏదో కొత్త ఫైల్ దించుకోవాలె అన్నది, సగం దిగంగనే ఆ దినం డేటా ఖతమైంది. అప్పటికి నాలుగున్నర. మా ఆమె ఫోన్ మోగింది. భీవండికెల్లి ఆ పిల్ల. నా బిడ్డ స్పీకర్ పెట్టింది. "మై ఆ గయీ. తూ కాఁ హై?" అన్నది. నేనొచ్చిన, నువ్వేడున్నవు అని. వస్తున్న, ఉండు అన్నది నా బిడ్డ. ఫోన్ కట్టయింది.

కోసిన వైరు లోపల ఉండేది వెంట్రుకంత సన్న గాజు పోగు, అతకనీకి మిషన్ కావాలె. అది గుడిమల్కాపూర్ దిక్కు ఇంకొకాయన కాడ ఉన్నది. రోడ్లన్నీ బంద్, రేపు పొద్దుమూకి దాక రాలేనన్నడు. ఇగ నాకేం తోచక కంప్యూటర్ డబ్బాను దుప్పట్ల చుట్టి స్కూటర్ ముందట పెట్టిన. సంతోష్‌నగర్‌ల నాకు తెలిసినోళ్ల ఇల్లున్నది, వాళ్ల నెట్ మంచిగున్నది. బిడ్డ ఎనక కూసొని మానిటర్‌ను ఒళ్ల పెట్టుకున్నది. గల్లీలల్ల పడి పోయినం. ఏ మలుపు కాడ తేలినా బారికేడే. ఒక కాడ ఆపినాయన నా మొఖం మీద గులాలు చూసి, నీ గణపతి అటు పోతున్నడు, నువ్విటు ఏడికి అని నవ్విండు. చెప్దామనుకున్న. ఏమని చెప్పాలె? బ్లాకుల ఆటల నా బిడ్డకు జాగా ఇస్తున్నరు, జర తొవ్వ ఇడువుండ్రి అని చెప్పాల్నా? ఎనకకు తిప్పిన. ఇంకొక గల్లీల పడ్డ. అక్కడ ముందట ఒక విగ్రహం, ఎనక ఒక విగ్రహం, నడుమ మా స్కూటర్. స్టాండ్ ఏసి నిలవడుడు తప్ప చేసేదేం లేకపోయింది.

ఐదుంపావుకు ఫోన్ మోగింది, ఐదున్నరకు మోగింది. నా బిడ్డ ఎత్తలే. ఐదున్నర తర్వాత మోగలే. దానికి చేతులు నొస్తున్నయేమో, మానిటర్ ఇయ్యి నేను పట్టుకుంట అన్న. ఇయ్యలే. ఆరైనంక నా భుజం మీద తట్టి, "బాపు, ఇంటికి పోదాం" అన్నది.

సోమవారం సాయంత్రం మిషన్ వచ్చింది. రెండు కొసలు అతికిచ్చుడు నాకు పది నిమిషాల పని. రాత్రి అన్నం తినకముందే గేటు తెరుచుకున్నది, నా బిడ్డ ఒక్కతే లోపలికి పోయింది. దానికి ఎక్కడనో ఒక మూలకు దీవి ఇచ్చిన్రు, పక్కోడు ఏ దేశపోడో, వాని భాష మాకు రాదు. దోస్తు దీవి ఎతికి పోయి చూసింది. ఆరింటికి జర ముందు మామ కొడుకు ఊకె టైం ఖరాబ్ చేస్తున్నవని తిట్టి, వాడే పక్కింటోళ్ల కంప్యూటర్‌ల వచ్చి ఆ పిల్ల చెయ్యి పట్టుకొని లోపలికి పోయిండని తర్వాత తెలిసింది. ఆ దీవి ఇప్పుడు వాళ్లిద్దరిది. అప్పటికే రెండు గోడలు లేసినయి. నా బిడ్డ ఆ గోడల చుట్టు జరసేపు తిరిగి, కంప్యూటర్ బంద్ చేసింది.

మర్నాడు నేను పనికెల్లి జల్ది వచ్చిన. చెప్పులిడుస్తుంటే లోపలికెల్లి దాని మాట వినవడ్డది. మా ఆమె ఫోన్‌ల వాయిస్ మెసేజ్ పెడుతున్నది, ఉర్దూల. ఆ పిల్ల నారాజ్ అయి రెండు దినాల సంది మాట్లాడుతలేదు. నా బిడ్డ అంటున్నది గదా, నాకు నిద్ర పట్టింది, లేచేసరికి ఆరు దాటింది, మాఫ్ చెయ్యి అని. నేను గడప కాడనే నిలవడ్డ. నెలల కొద్ది ఎదురుచూసి, పొద్దుగాల పదింటి సంది కుర్చీ దిగని పిల్ల, నిద్రపోయిన అని చెప్తున్నది.

లోపలికి పోయి ఎందుకు గట్ల చెప్పినవ్ అని అడిగిన. నువ్వు కోసినవని చెప్తే వాళ్లు నిన్ను చూసి నవ్వుతరు బాపు అన్నది.

నేను డిపార్టుమెంటోళ్లు అన్న అబద్ధం దాని ముందట ఎంత సన్నగుండెనో అప్పుడు తెలిసింది. నాకు సిగ్గయింది. సక్కగ ఫోన్ గుంజుకొని, వచ్చిన ఉర్దూల నేనే మెసేజ్ పెట్టిన. బేటా, నా బిడ్డ నిద్రపోలే. పొద్దుగాల సంది నీ కోసం గేటు కాడనే ఉండె. వైరు కోసింది నేను, తప్పు నాది, దాని మీద నారాజ్ కావద్దు అని మొత్తం చెప్పిన. కమిటీ ముచ్చట, రెండు ఫీట్ల లెక్క, సిమెంటు, అన్నీ. మెసేజ్ పోయింది. ఇద్దరం ఫోన్ ముందట పెట్టుకొని కూసున్నం.

జవాబు పొద్దుమూకినంక వచ్చింది. ఆ పిల్ల గాదు, వాళ్లమ్మ. పదేండ్లు ఎదురింట్ల ఉన్న మనిషి, మా ఇంట్ల కారప్పొడి తీరు తెలిసిన మనిషి. మాట నిదానంగ, మర్యాదగ ఉన్నది. "కోయీ బాత్ నై భాయ్. దిల్ పే మత్ లో. బచ్చే హై, భూల్ జాతే." ఏం ఫరక్ లేదు, మనసుల పెట్టుకోకు, పిల్లలే గద, మర్చిపోతరు.

నన్ను ఓదార్చనీకే అన్నది ఆమె, ఇంకేం లేదు. ఫోన్ స్పీకర్ మీద ఉండె. నా బిడ్డ పక్కనే కూసొని మొత్తం విన్నది. ఫోన్ తెర నల్లగయ్యేదాక దాని దిక్కే చూసి, నా దిక్కు తిరిగింది.

"మర్చిపోతమా బాపు?" అని అడిగింది.

లేదు బిడ్డా అందామనుకున్న. అనక, లేచి పోయి దాని వంతు బ్లాకుల సంచి తెచ్చి ఇద్దరి నడుమ పోసిన.